వ్యాపారం నేర్పే చదువు, వ్యాపారం వద్దనే వీసా

కిందటి వేసవిలో ఒక సాయంత్రం తెనాలి నుంచి తండ్రీ కొడుకులు మా ఇంటికి వచ్చారు. తండ్రిది పీవీసీ పైపులు, మోటార్ల కొట్టు. కొడుకు బీకాంలో నా దగ్గర చదువుకున్నాడు. ఇంగ్లండ్‌లోని ఒక యూనివర్సిటీ పంపిన ఆఫర్ లెటర్ నా ముందు పెట్టారు. కోర్సు పేరు ఎంఎస్సీ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ అండ్ స్మాల్ బిజినెస్ మేనేజ్‌మెంట్. ఏడాది చదువు. "మాస్టారూ, ఇది చదివితే మావాడు అక్కడే ఏదన్నా పెట్టుకుంటాడా, ఇక్కడికొచ్చి కొట్టు పెద్దది చేస్తాడా? ఏది జరిగినా నాకు సంతోషమే" అన్నారాయన. అబ్బాయి కాసేపు ఊరుకుని, "ముందు అక్కడ జాబ్ చూసుకోవాలి సార్. లోన్ తీరాలి కదా" అన్నాడు.

చిన్న వ్యాపారం నడపడం నేర్చుకోవడానికి వెళ్తున్న కుర్రాడు ఫ్లైట్ ఎక్కకముందే ఉద్యోగం గురించి బెంగ పెట్టుకున్నాడు. అందులో అతని తప్పేమీ లేదు. కోర్సు ఒక దారి చూపిస్తుంటే, వీసా నిబంధనలూ బ్యాంకు వాయిదాలూ అతన్ని ఇంకో దారిలోకి నెడుతున్నాయి. ఏటా వందల కుటుంబాలు ఇళ్లు తాకట్టు పెట్టి పిల్లల్ని పంపుతున్న ఈ రోజుల్లో, ఆ సంగతి వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పడం లేదు.

ముందుగా చదువుకు దక్కాల్సిన గౌరవం దక్కాలి. చిన్న వ్యాపారానికి యూనివర్సిటీ చదువెందుకు, తాతల నాటి నుంచి కొట్లు నడపడం లేదా అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు. ఈ చదువు పుట్టింది గట్టి అవసరం నుంచే. 1947లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో మైల్స్ మేస్ కొత్త సంస్థల నిర్వహణ మీద ఒక కోర్సు మొదలుపెట్టారు. యుద్ధం నుంచి తిరిగొచ్చి సొంతంగా ఏదైనా చేయాలనుకున్న సైనికులు అందులో పెద్ద సంఖ్యలో చేరారు. 1953లో అమెరికా ప్రభుత్వం స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్‌ను ఏర్పాటు చేసింది. బ్రిటన్‌లో 1971 నాటి బోల్టన్ కమిటీ నివేదిక చిన్న సంస్థల గురించి ఆలోచించే తీరునే మార్చేసింది. ఇవాళ ఆ దేశంలో ఉన్న 55 లక్షలకు పైగా ప్రైవేటు సంస్థల్లో 99 శాతం మించి 250 మందిలోపు పనివాళ్లున్నవే. దాదాపు నాలుగింట మూడు వంతుల సంస్థల్లో యజమాని తప్ప రెండో మనిషి లేడు.

ఈ శాస్త్రానికి పునాది వేసిన మాట ఒకటి 1981లో వచ్చింది. జాన్ వెల్ష్, జెర్రీ వైట్ అనే ఇద్దరు అమెరికా అధ్యాపకులు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో, చిన్న వ్యాపారాన్ని పెద్ద కంపెనీకి పొట్టి నమూనాగా చూడకూడదని వాదించారు. చిన్నవాడి దగ్గర డబ్బు తక్కువ, మనుషులు తక్కువ, పొరపాటు చేస్తే తట్టుకునే ఓపిక ఇంకా తక్కువ. పెద్ద కంపెనీకి చిల్లర ఖర్చులా కనిపించేది చిన్న కొట్టును మూయించగలదు. అందుకే ఎంబీఏలో చెప్పే పాఠాన్ని తగ్గించి చెబితే చాలదు, పాఠమే వేరుగా ఉండాలి.

ఆ పాఠం ఎలా ఉంటుందో తెనాలి కొట్టు మీదే చూద్దాం. ఆ సాయంత్రం మేం ముగ్గురం తెల్ల కాగితం మీద వేసిన లెక్క ఇది. నెలకు 5 లక్షల అమ్మకం అనుకుందాం. సరుకు కొన్న ధర 4 లక్షల 40 వేలు. అద్దె, కరెంటు, ఇద్దరు కుర్రాళ్ల జీతాలు కలిపి 35 వేలు. నెలకు 25 వేలు మిగలాలి. ఇప్పుడు అమ్మకంలో 2 లక్షలు రొక్కం, 3 లక్షలు అరువు. రైతులు పంట డబ్బు చేతికొచ్చాక ఇస్తారు, కాంట్రాక్టర్లు బిల్లులు పాసయ్యాక ఇస్తారు. అంటే మూడు నెలలు. కంపెనీ డీలరుకు మాత్రం నెల తిరిగేసరికి కట్టేయాలి. మొదటి నెలాఖరుకు గల్లాలో లక్షా 65 వేలు కనిపిస్తాయి. మనిషికి ధైర్యం వస్తుంది. రెండో నెలలో వచ్చేది 2 లక్షలు, కట్టాల్సింది 4 లక్షల 75 వేలు. మూడో నెలా అంతే. మూడు నెలలు ముగిసేసరికి పుస్తకంలో 75 వేల లాభం ఉంటుంది, చేతిలో 3 లక్షల 85 వేలు తక్కువ పడతాయి. నాలుగో నెల నుంచి పాత బాకీలు వచ్చినా ఆ గొయ్యి పూడడానికి ఏడాది పైన పడుతుంది. ఈలోగా ఒక్క కాంట్రాక్టరు ఎగ్గొట్టాడంటే వడ్డీ వ్యాపారి గడప ఎక్కాల్సిందే.

ఆయన కాగితం వైపు చూస్తూ, "ఇరవై రెండేళ్లుగా రొటేషన్ కావట్లేదు, రొటేషన్ కావట్లేదు అనుకుంటున్నానే గానీ, ఎక్కడ ఆగిందో ఇట్లా ఎప్పుడూ చూళ్లేదు మాస్టారూ" అన్నారు. వారాల వారీగా వచ్చే డబ్బూ పోయే డబ్బూ ముందే రాసుకోవడం, అరువుకు హద్దు గీయడం, ఒక్క ఖాతాదారు మీదే బతుకు ఆనించకపోవడం, సరుకు ధరలో రవాణా, వడ్డీ కలుపుకోవడం, కుటుంబ ఖర్చునూ కొట్టు ఖర్చునూ విడదీయడం. మంచి స్మాల్ బిజినెస్ కోర్సు నేర్పేది ఇదే. మన చిన్న కొట్లు, చిన్న కార్ఖానాలు గిరాకీ ఉండీ మూతపడటానికి కారణాలు చాలావరకు ఇక్కడే దొరుకుతాయి. కనుక ఈ చదువును చిన్నచూపు చూడను. నా అభ్యంతరం మన పిల్లలు దాన్ని కొనుక్కుంటున్న పద్ధతి మీద.

ఇప్పుడు వీసా సంగతి. బ్రిటన్‌లో స్టూడెంట్ వీసా మీదున్న విద్యార్థి చదువు సాగుతున్న రోజుల్లో వారానికి 20 గంటలు ఒకరి కింద పని చేసుకోవచ్చు. సొంత వ్యాపారం మాత్రం చేయకూడదు. కంపెనీ పెట్టకూడదు, ఫ్రీలాన్స్ పని చేయకూడదు. 10 శాతం, అంతకు మించి వాటా ఉన్న సంస్థలో పనిచేసినా స్వయం ఉపాధి కిందే లెక్క. ఫుడ్ డెలివరీ యాప్‌లలో పనిచేసేవారిని చట్టం స్వయం ఉపాధి పొందేవారిగా చూస్తుంది కాబట్టి, ఆ పనీ నిషిద్ధమే. ఎవరి అకౌంటో అద్దెకు తీసుకుని బైక్ మీద తిరిగే పిల్లలు పట్టుబడితే వీసా రద్దవుతుంది, చదువూ పోతుంది. తల్లిదండ్రులు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని పిల్లలకు గట్టిగా చెప్పాలి. క్లాసులో బిజినెస్ ప్లాన్ రాయమంటారు, బయట దాన్ని అమలు చేస్తే నేరం. ఈత పుస్తకం చేతికిచ్చి చెరువు గట్టు మీదే కూర్చోబెట్టినట్టు ఉంటుంది ఆ ఏడాది.

చదువు ముగిశాక గ్రాడ్యుయేట్ రూట్ వస్తుంది. 2021 జులైలో మొదలైన ఈ వీసాతో రెండేళ్లు ఉండొచ్చు, స్వయం ఉపాధికీ అనుమతి ఉంది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి దాన్ని 18 నెలలకు కుదించారు. ఏ చిన్న వ్యాపారమైనా నిలదొక్కుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుందని ఆ కోర్సులోనే చెబుతారు. 18 నెలల గడువులో కొట్టు అద్దెకు తీసుకుని, లైసెన్సులు తెచ్చుకుని, నాలుగు డబ్బులు చూసేలోగా వీసా అయిపోతుంది.

ఆ తర్వాత ఉన్నది ఇన్నోవేటర్ ఫౌండర్ వీసా. 2023 ఏప్రిల్లో వచ్చిన దీనికి 50 వేల పౌండ్ల కనీస పెట్టుబడి షరతు ఎత్తేశారని మన కన్సల్టెన్సీలు గట్టిగా చెబుతాయి. ఆ మాట నిజమే. ప్రభుత్వం గుర్తించిన సంస్థ ఒకటి మీ ఆలోచన కొత్తదని, నిలబడగలదని, బాగా విస్తరించగలదని ధ్రువీకరించాలన్న షరతు మాత్రం అలాగే ఉంది. టిఫిన్ సెంటర్, కిరాణా, ట్యూషన్ సెంటర్, మొబైల్ రిపేర్ షాపు, ఊరికి ఉపయోగపడుతూ పది మందికి పనిచ్చే చిన్న బేకరీ. కోర్సులో పాఠాలన్నీ ఇలాంటి వాటి మీదే, వీసా పరీక్షలో మాత్రం ఇవి నిలబడటం చాలా కష్టం. ఇక మిగిలేది స్కిల్డ్ వర్కర్ వీసా. 2025 జులై నుంచి దానికి సాధారణంగా డిగ్రీ స్థాయి ఉద్యోగం, ఏడాదికి 41,700 పౌండ్ల జీతం ఉండాలి. చిన్న వ్యాపార నిర్వహణ చదివిన వాడికి ఆ జీతం ఇవ్వగల చిన్న సంస్థలు ఎన్ని?

మిగతా దేశాలూ దాదాపు ఇంతే. కెనడాలో కాలేజీలు నడిపే బిజినెస్ సర్టిఫికెట్ కోర్సుల్లో మనవాళ్లు తండోపతండాలుగా చేరారు. 2024 నవంబర్ 1 తర్వాత స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసి ఇలాంటి కాలేజీ కోర్సుల్లో చేరినవారికి, చదువు ప్రభుత్వం ఇచ్చిన జాబితాలోని రంగాల్లో ఉంటేనే తర్వాత వర్క్ పర్మిట్ వస్తుంది. వ్యాపార నిర్వహణ ఆ జాబితాలో లేదు. యూనివర్సిటీ డిగ్రీలకు, మాస్టర్స్‌కు ఈ రంగాల నిబంధన వర్తించదు. కాలేజీకీ యూనివర్సిటీకీ ఉన్న ఈ తేడా తెలియకుండా ఫీజు కట్టిన కుటుంబాలను చూశాను. అమెరికాలో చదువైన తర్వాత 12 నెలలు పనిచేసుకోనిచ్చే ఓపీటీ అనుమతితో సొంత సంస్థ నడుపుకునే వీలుంది. సైన్స్, టెక్నాలజీ లాంటి కోర్సులవాళ్లకు దొరికే స్టెమ్ పొడిగింపుకు వెళ్తే మళ్లీ ఒక యజమాని కింద చేరాలి. పెట్టుబడి పెట్టి వ్యాపారం నడిపేవాళ్లకు అక్కడున్న ఈ-2 వీసా ఒప్పందం కుదిరిన దేశాల పౌరులకే ఇస్తారు. ఆ జాబితాలో భారత్ లేదు.

ఆ దేశాలు చిన్న వ్యాపార శిక్షణను తమ వాళ్లకు ఎలా అందిస్తున్నాయో చూస్తే మరో విషయం తెలుస్తుంది. బ్రిటన్ ప్రభుత్వం 2021లో 'హెల్ప్ టు గ్రో: మేనేజ్‌మెంట్' పేరుతో 12 వారాల కోర్సు మొదలుపెట్టింది. నేర్పేది బిజినెస్ స్కూళ్లే. నేర్చుకునేది కనీసం ఏడాదిగా నడుస్తూ, 5 నుంచి 249 మంది పనివాళ్లున్న సంస్థల యజమానులు, మేనేజర్లు. ఖరీదు 7,500 పౌండ్లు, అందులో 90 శాతం ప్రభుత్వం భరించి 750 పౌండ్లు మాత్రమే వసూలు చేస్తుంది. చిన్న వ్యాపారం గురించి చదవడానికి సరైన మనిషి ఇప్పటికే వ్యాపారంలో ఉన్నవాడని, వాడి గల్లాపెట్టే వాడికి పాఠ్యపుస్తకమని వాళ్లకు తెలుసు. అలాంటి బిజినెస్ స్కూళ్ల గేట్లలోంచే మన అబ్బాయి ఏ వ్యాపారమూ లేకుండా, 15 నుంచి 25 వేల పౌండ్ల ఫీజు కట్టి లోపలికి వెళ్తున్నాడు. యూనివర్సిటీలను దీనికి తప్పుపట్టలేం. విదేశీ విద్యార్థుల ఫీజుల మీద అవి నడుస్తున్నాయి. మనం ఏం కొంటున్నామో మనం తెలుసుకోవాలి.

ఇక అప్పు సంగతి. ఫీజు, ఉండటానికి తినడానికి అయ్యే ఖర్చు కలిపి 35 లక్షల లోన్ అనుకుందాం. 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు. నెల వాయిదా 48 వేల రూపాయలు దాటుతుంది. చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. కొత్తగా పెట్టిన ఏ కొట్టయినా మొదటి నెల నుంచి యజమాని ఇంటికి 48 వేలు పంపగలదా? వ్యాపారానికి అన్నిటికన్నా ముందు కావలసింది కొన్నాళ్లు లాభం లేకుండా ఓర్చుకునే శక్తి. ఆ శక్తినే ఈ లోన్ లాగేసుకుంటుంది. అందుకే ఈ కోర్సు చదివిన మన పిల్లలు చాలామంది చివరికి వేర్‌హౌస్‌లోనో సూపర్‌మార్కెట్‌లోనో షిఫ్టులు చేస్తున్నారు. ఆ పనులు చిన్నవని నేను అనను. ఆ పనులకు 35 లక్షలు పెట్టనక్కర్లేదు.

అయినా వెళ్లాలనుకునేవాళ్లు ఉంటారు, వెళ్లదగ్గవాళ్లూ ఉంటారు. ఇంట్లో నడుస్తున్న వ్యాపారం ఉండి, తిరిగొచ్చి దాన్ని చేతిలోకి తీసుకునే ఉద్దేశం గట్టిగా ఉండి, అప్పు ఇంటి తాహతుకు మించకుండా ఉంటే ఆ ఏడాది వృథా పోదు. అలాంటివాళ్లు యూనివర్సిటీ ర్యాంకు కన్నా ముందు ఒక ప్రశ్న అడగాలి: ఈ కోర్సులో విద్యార్థిని నడుస్తున్న ఒక చిన్న సంస్థలోకి పంపుతారా, పంపితే ఎన్ని వారాలు? ప్లేస్‌మెంట్ ఏడాది ఉన్న కోర్సులు, స్థానిక వ్యాపారులకు విద్యార్థుల చేత సలహాలిప్పించే కోర్సులు ఉన్నాయి. మిగతావి తరగతి గది దాటవు.

పార్ట్‌టైమ్ పనిని కూడా చదువులో భాగంగా చూడగలిగితే ఇంకా మేలు. ఇంగ్లండ్‌లో వీధి మొగలో ఉండే చిన్న దుకాణంలో పనిచేసే కుర్రాడు కళ్లు తెరుచుకుని చూస్తే ఎన్ని విషయాలో. పాలు, బ్రెడ్డు పాడవకముందే ఏ వేళకు ధర తగ్గిస్తారు, రాత్రి గల్లా లెక్క ఎలా సరిచూస్తారు, అమ్మకం 90 వేల పౌండ్లు దాటుతుందనగా వ్యాట్ రిజిస్ట్రేషన్ గురించి యజమాని ఎందుకు హైరానా పడతాడు, తినుబండారాల కొట్టు తలుపు మీద అతికించే శుభ్రత రేటింగ్ అయిదు నుంచి మూడుకు పడితే గిరాకీ ఏమవుతుంది. గంటకు ఇంతని కూలి లెక్కేసుకుని ఇంటికి పోయేవాడికి ఇవి కనిపించవు. ఒక నోట్‌బుక్ జేబులో పెట్టుకున్నవాడికి అదే రెండో యూనివర్సిటీ.

ఈ విద్యలో మనం వెనకబడి పుట్టినవాళ్లం కాదని కూడా చెప్పాలి. హైదరాబాద్ యూసుఫ్‌గూడలో ఇవాళ ని-ఎంఎస్ఎంఈగా పిలిచే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ 1960లో ఢిల్లీలో మొదలై, 1962లో హైదరాబాద్‌కు వచ్చింది. అప్పట్లో దాన్ని సియెట్ అనేవారు. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1964లో ఆ సంస్థతో కలిసి ఒక ప్రయోగం చేశారు. అందులో శిక్షణ పొందింది కాకినాడ చిన్న వ్యాపారులు. ఏదైనా సాధించాలన్న తపనను శిక్షణతో పెంచవచ్చా అన్నది ఆయన ప్రశ్న. శిక్షణ తీసుకున్నవాళ్లు తర్వాతి రోజుల్లో తీసుకోనివాళ్ల కన్నా ఎక్కువ చురుగ్గా కొత్త పనులు మొదలుపెట్టారని, ఎక్కువ పెట్టుబడి పెట్టారని ఆయన, డేవిడ్ వింటర్ కలిసి 1969లో పుస్తకం రాశారు. ఆ నిర్ధారణల మీద తర్వాత చర్చ జరిగింది, అది వేరే విషయం. వ్యాపార దక్షత నేర్పితే వస్తుందా అని ప్రపంచం అడుగుతున్న రోజుల్లో జవాబు వెతికిన చోట్లలో మన కాకినాడ ఒకటి. ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ పుస్తకాల్లో ఆ ఊరి పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. కాకినాడలో బీకాం చదివే పిల్లలకు ఆ సంగతి చెప్పేవారే తక్కువ.

అమెరికా నుంచి మనం తెచ్చుకోదగ్గది కూడా ఒకటుంది. 1972లో టెక్సస్ టెక్ యూనివర్సిటీలో స్మాల్ బిజినెస్ ఇన్‌స్టిట్యూట్ అనే పద్ధతి మొదలైంది. అధ్యాపకుడి పర్యవేక్షణలో కొందరు విద్యార్థులు ఊళ్లోని ఒక చిన్న వ్యాపారం దగ్గరకు వెళ్తారు. లెక్కలు చూస్తారు, ఇబ్బంది ఎక్కడుందో కనిపెడతారు, సలహా రాసిస్తారు. యజమాని పైసా ఇవ్వక్కర్లేదు. విద్యార్థికి మార్కులు వస్తాయి. అక్కడి నుంచి ఆ పద్ధతి దేశమంతా వందల కాలేజీలకు పాకింది. దీనికి పెద్ద భవనాలు అక్కర్లేదు, విదేశీ ఒప్పందాలు అక్కర్లేదు. కావలసింది ఓపికున్న ఒక కామర్స్ లెక్చరర్, నమ్మి చిట్టా చూపించే ఒక దుకాణదారు.

మన చిన్న సంస్థలకు ఆ సాయం ఎంత అవసరమో చూడండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకున్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే చక్రవడ్డీ కట్టాలి. ఇవ్వకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపుకునే వీల్లేకుండా 2024 ఏప్రిల్ నుంచి ఆదాయ పన్ను చట్టంలో 43బి(హెచ్) నిబంధన కూడా వచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాలు చేసే షెడ్డు యజమానికి, సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఆసామికి ఈ హక్కుల గురించి, ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటేనే అవి అక్కరకొస్తాయన్న సంగతి గురించి ఎంతవరకు తెలుసు? ఒక డిగ్రీ విద్యార్థి పది రోజులు కూర్చుంటే ఆ కాగితాలన్నీ సరిచేయగలడు. అతనికీ విదేశీ సిలబస్‌లో దొరకని పాఠం దొరుకుతుంది.

తెనాలి అబ్బాయి ఆ ఏడాది ప్రయాణం వాయిదా వేసుకున్నాడు. వద్దని నేను చెప్పలేదు. కాగితం మీది లెక్క చూసి తండ్రీ కొడుకులే ఆ నిర్ణయానికి వచ్చారు. ఇప్పుడు పొద్దున పూట కొట్టులో కూర్చుంటున్నాడు. అరువు ఖాతాలను నెలల వారీగా కంప్యూటర్‌లోకి ఎక్కించి, 90 రోజులు దాటిన బాకీలకు వేరే పట్టిక పెట్టాడు. అందులో ఇద్దరు కాంట్రాక్టర్లకు ఇక అరువు ఇవ్వకూడదని తండ్రిని ఒప్పించడానికి అతనికి నాలుగు నెలలు పట్టింది. వచ్చే ఏడాదో ఆ పై ఏడాదో వెళ్లినా, ఈసారి తన కొట్టు లెక్కలు సంచిలో పెట్టుకుని వెళ్తాడు.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు 2020-21 నుంచి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. చాలాచోట్ల అది ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో ముగిసిపోతోంది. ఇంటికొక పారిశ్రామికవేత్త రావాలని ప్రభుత్వమే చెబుతున్నప్పుడు, ఆ ఇంటర్న్‌షిప్‌ను సొంత ఊరి కొట్టులో, షెడ్డులో, మిల్లులో చేయించడానికి అడ్డేమిటి? తెలంగాణలో అయితే ని-ఎంఎస్ఎంఈ హైదరాబాద్‌లోనే ఉంది, అధ్యాపకులకు శిక్షణ అక్కడే ఇప్పించవచ్చు. జిల్లాకొక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, కాలేజీకి ఇరవై దుకాణాలు, దుకాణానికి ముగ్గురు విద్యార్థులు. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు వచ్చే విద్యా సంవత్సరం నుంచే దీన్ని మొదలుపెట్టాలి.